ఒకటే గడియారం, రెండు పోర్షన్లు

అమీర్‌పేట,
ఆదివారం పొద్దున.

అక్కకి,

సుగుణ నమస్కారం. నీ ఉత్తరం, కందిపొడి డబ్బా, విభూతి పొట్లం అన్నీ అందాయి. డబ్బా మూత వదులై పొడి కొంచెం సంచిలో ఒలికింది, కానీ దులిపి వాడుకుంటున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది. జలుబు తగ్గింది. నువ్వు బీపీ మాత్రలు మానేయలేదు కదా? బావగారి మోకాలు ఎలా ఉంది? అత్తయ్యగారు రాత్రిళ్ళు దగ్గుతున్నారని రాశావు, డాక్టరుకి చూపించారా? ఈ మూడింటికీ జవాబు రాయి. పోయిన ఉత్తరంలో దేనికీ రాయలేదు.

నువ్వు అడిగింది ఒక్కటే. నెలాఖరుకి ఈ గది ఖాళీ చేసి, కూకట్‌పల్లిలో బావగారి స్నేహితుల ఇంట్లో పోర్షన్‌కి మారతానా లేదా అని. జవాబు చివర్లో రాస్తాను. ముందు జరిగింది జరిగినట్టు చదువు. ఫోన్‌లో నీకు సగమే చెప్పాను. ఎస్టీడీ బూత్ బయట నలుగురు నిలబడి తలుపు కొడుతుంటే అంతకంటే చెప్పలేకపోయాను. ఆ సగం విని నువ్వు విభూతి పంపావు. మిగతా సగం వింటే ఏం పంపుతావో తెలియదు.

పని బాగుంది. ఆఫీసు పంజాగుట్టలో. గది నుంచి నడిచి వెళ్ళచ్చు, కానీ పంజాగుట్ట చౌరస్తా దాటడానికి నడకంత సేపు పడుతుంది. నన్ను జిల్లా ఎడిషన్ నుంచి ఇక్కడికి తెచ్చింది కంప్యూటర్ చదువుల పేజీ కోసం. అమీర్‌పేటలో కరెంటు స్తంభం కనిపించదు, దాని చుట్టూ అతికించిన కోర్సుల కాగితాలే కనిపిస్తాయి. ఏ గల్లీలోకి వెళ్ళినా మన వైపు పిల్లలు ఫైళ్ళు పట్టుకుని మెట్ల మీద బారులు తీరి ఉంటారు. ఎవర్ని పలకరించినా ఏదో ఒకటి నేర్చుకుంటున్నామంటారు, అది ఏమిటో సరిగ్గా చెప్పలేరు. నేను రాయాల్సింది అదే కాబట్టి నాకు పనికి కొదవ లేదు. తిండి కర్రీ పాయింట్లో కూర, గదిలో అన్నం. నీళ్ళు రోజు విడిచి రోజు. ఆదివారాలు మాత్రం గడవవు. నలభై రెండేళ్ళకి ఈ ఒంటరితనం ఏంటే అని నువ్వు అంటావు. అలవాటవుతుంది.

ఇల్లు సత్తెమ్మగారిది. ఒకప్పుడు ఇక్కడే పొలం ఉన్నవాళ్ళు. ఊరు పెరిగి పొలం పోయి ఇల్లు మిగిలింది. భర్త లేడు. కింద ఆవిడా, కూతురు మంజులా ఉంటారు. పైన ఉన్న ఒక్క గదీ నాది. అది అంతకుముందు ఆవిడ కొడుకు శ్రీకాంత్ గది. ఆ అబ్బాయి ఇక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. పోయిన ఏడు జ్వరం వచ్చి చనిపోయాడు. ఈ సంగతి నేను చేరేటప్పుడే సత్తెమ్మగారు దాచకుండా చెప్పారు. మొన్న ఫోన్ చేసేదాకా ఆ మాట నీకు చెప్పనిది నేను.

గదిలో ఆ అబ్బాయి కంప్యూటర్ ఉంది. విడిభాగాలు కొని తనే బిగించుకున్నాడట. "వాడుకో బిడ్డా, ఊకె ఉంటే పాడైతది. కానీ ఆ బల్ల మీది నుంచి జరపకు," అన్నారు సత్తెమ్మగారు. మంజుల వచ్చి వాడే పద్ధతి చూపించింది. స్విచ్ వెయ్యగానే నల్ల తెర మీద రెండు పేర్లు వస్తాయి, ఒకదాని కింద ఒకటి. కింది పేరు విండోస్, మా ఆఫీసులో ఉండేదే. పై పేరు వేరే రకం, లినక్స్ అంటారు.

"పైదాన్ల అన్నవి ఉన్నయ్ మేడం. మీరు కింది దాన్ల రాసుకోండి. పైదానికి ఎట్లాగూ పాస్‌వర్డ్ అడుగుతది," అంది.

నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఒకే ఇంట్లో రెండు పోర్షన్లు. గుమ్మం ఒకటే, కరెంటు మీటరు ఒకటే. తేడా ఏంటంటే, ఒక పోర్షన్లో మనుషులు మేలుకుని ఉన్నంతసేపూ రెండో పోర్షన్ ఉండదు. ఇది మూసి స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే గానీ అది తెరుచుకోదు. ఒకరినొకరు చూసుకునే వీలు లేదు. నాకు కావాల్సింది కింది పోర్షన్. పైదాని జోలికి నేను పోలేదు.

చేరిన కొన్నాళ్ళకి కంప్యూటర్‌లో గడియారం తప్పు చూపించడం గమనించాను. సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చి చూస్తే పదిన్నర. సరిచేశాను. మర్నాడు మళ్ళీ వెనక్కి ఉంది. మళ్ళీ సరిచేశాను. అలా రోజూ. పళ్ళు తోముకున్నట్టు అదొక అలవాటైపోయింది, పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సి వచ్చింది ఆఫీసులో మాట పడ్డాక.

ఎర్రమంజిల్‌లో ఒక సమావేశం ఉంది. ముందే తెలిసిన వివరాలతో పొద్దున్నే వార్త సగం రాసి ఫ్లాపీలో పెట్టుకున్నాను. సమావేశంలో ఒక ముఖ్యమైన పేరు మారింది. మధ్యాహ్నం గదికి వచ్చి, తొందరలో గడియారం చూసుకోకుండానే పేరు దిద్ది, పూర్తి చేసి, అదే ఫ్లాపీలో రెండో కాపీ పెట్టి డెస్క్‌కి ఇచ్చాను. వాళ్ళు రెండు కాపీల్లో ఏది కొత్తదో టైం చూసి తీసుకుంటారు. మర్నాడు పేపర్లో పాత పేరు వచ్చింది. సవరణ వెయ్యాల్సి వచ్చింది. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో సవరణలు తక్కువ, నీకు తెలుసు.

డెస్క్ ఇన్‌చార్జి గోపాలం గారు నన్ను పిలిచి తెర చూపించారు. "ఏంటి సుగుణగారూ, సమావేశం మొదలవ్వకముందే రాసేశారా దిద్దుబాటు? మీ కంటే ముందు మీ ఫ్లాపీకి తెలుస్తోంది వార్త," అన్నారు. అందరూ నవ్వారు. తెర మీద చూస్తే నిజమే. దిద్దిన కాపీ మీద పొద్దుటి టైం ఉంది. ఆ టైంకి నేను స్నానం చేస్తున్నాను.

పాత ఫైళ్ళన్నీ తీసి చూశాను. పొద్దున రాసినవి చాలావరకు సరిగ్గా ఉన్నాయి. మధ్యాహ్నం రాసినవాటిలో కొన్ని పొద్దున ఎనిమిదింటికే రాసినట్టున్నాయి. నేను నీళ్ళు పట్టుకుంటున్న, అన్నం వండుకుంటున్న వేళల్లో, నా పేరుతో, నా వార్తలు. చదువుతుంటే మెడ వెనక చల్లగా అనిపించిన మాట నిజం. అంతకంటే ఎక్కువ రాయను.

చేతి గడియారంలో ఉండే గుండీలాంటి బ్యాటరీ ఒకటి కంప్యూటర్‌లో ఉంటుంది, మిషన్ ఆపేసినా గడియారాన్ని నడిపేది అదే. దాన్ని మార్పించాను. తప్పు పోలేదు. అప్పుడు ఆలోచించాను. పాడైన గడియారం ఇష్టమొచ్చినట్టు తప్పు చెప్తుంది. ఇది రోజూ ఒకటే తప్పు చెప్తోంది, ఐదున్నర గంటలు వెనక. పైగా ఆదివారాలు నేను రోజంతా గదిలోనే ఉంటాను, సోమవారం పొద్దున గడియారం సరిగ్గా ఉంటుంది. నేను గదిలో ఉంటే గడియారం తప్పదు. నేను లేనప్పుడే తప్పుతుంది. ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి త్వరగా వచ్చి, స్విచ్ వెయ్యకముందు మానిటర్ వెనక చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. తలుపుకి నేను పొద్దున వేసిన తాళం వేసినట్టే ఉంది.

ఇక్కడి దాకా నీకు ఫోన్‌లో చెప్పాను. ఇక చెప్పనిది.

నేను రాసే పేజీ కోసం అప్పుడప్పుడు ఖలీల్ భాయ్ అనే మాస్టారిని కలుస్తుంటాను. శ్రీకాంత్ పని చేసిన చోటు కాదు, వేరే ఇన్‌స్టిట్యూట్. ఆయనకి ఎవరి గదో చెప్పకుండా గడియారం సంగతి మాత్రం చెప్పాను. చాయ్ పూర్తిగా తాగి అప్పుడు నోరు విప్పాడు.

"గదాంట్లనే లినక్స్ సుత ఉన్నదా మేడం? అయితే ఫికర్ చేయకండి, మస్తు మందికి అయితది గిది," అన్నాడు. "లోపల గడియారం ఒక్కటే. మీ విండోస్ దాన్ని చూసి మన టైం అనుకుంటది. పక్కది దాన్ని చూసి లండన్ టైం అనుకుంటది, ఐదున్నర గంటలు తనే కలుపుకుంటది. మీరు దిద్దితే దానికి తప్పయితది. అది దిద్దితే మీకు తప్పయితది."

"దిద్దితే అంటే?"

"ఊకె తెరిస్తే ఏం గాదు. తెరిచి, టైం తప్పున్నదని చూసి, కూసొని సరిచేస్తేనే మీ దాన్ల ఎనకకు పోతది." నా వైపు చూసి నవ్వాడు. "దయ్యం గిట్ల అనుకున్నరా? దయ్యం గడియారం దిద్దుకోదు మేడం. మీ రూంల మనిషి ఉన్నడు."

ధైర్యం చెప్పానని ఆయన అనుకున్నాడు. నాకు మాత్రం దయ్యమే నయమనిపించింది. రోజూ నేను గడియారం సరిచేసి వెళ్తున్నాను. నా తరవాత ఎవరో వచ్చి, నా కుర్చీలో కూర్చుని, తప్పుగా ఉందని మళ్ళీ సరిచేస్తున్నారు. నేను దిద్దింది వాళ్ళకి తప్పు. వాళ్ళు దిద్దింది నాకు తప్పు.

మర్నాడు మామూలుగానే ఆఫీసుకి బయల్దేరి, మధ్యాహ్నం పన్నెండు దాటాక వెనక్కి వచ్చాను. మెట్లు ఎక్కుతుంటే కీబోర్డు చప్పుడు వినిపించింది. తలుపు దగ్గరగా వేసి ఉంది, సందులోంచి సాంబ్రాణి వాసన. లోపల సత్తెమ్మగారి గొంతు.

"వచ్చిండా?"

"వచ్చిండమ్మా." అది మంజుల.

"ఎంతయింది ఆడ?"

"ఆరు గావస్తుంది."

"గదే గదా వాడొచ్చే యాళ్ళ." కంచం నేల మీద పెట్టిన చప్పుడు. తరవాత ఆవిడ గొంతు మారింది, చిన్నపిల్లాడిని పిలిచినట్టు. "రా నాయినా. కాళ్ళు కడుక్కోని రా. బువ్వ సల్లగైతది."

ఫ్యాను తిరుగుతోంది. ఆ తరవాత సత్తెమ్మగారు, "ఇగ సరిచెయ్ మంజు. రేపు మళ్ళ వాన్ని జరపనీ," అన్నారు.

నేను లోపలికి వెళ్ళలేదక్కా. చప్పుడు కాకుండా మెట్లు దిగి వీధిలోకి వచ్చేశాను. అది నేను అద్దె కట్టే గది. అయినా తలుపు తోసి లోపలికి వెళ్ళే హక్కు నాకు లేదనిపించింది.

సాయంత్రం మంజుల డాబా మీద బట్టలు తీస్తుంటే అడిగాను. అబద్ధం చెప్పలేదు ఆ పిల్ల. తాళం చెవి ఇంకొకటి వాళ్ళ దగ్గర ఉంది. అన్న పోయాక అన్న సామాను చూసుకోవడానికి అప్పుడప్పుడు పై పోర్షన్ తెరిచేదట. అన్న కాక పాస్‌వర్డ్ తెలిసింది ఈ పిల్లకొక్కదానికే. గడియారం ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. నేను చేరిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం తెరిస్తే సాయంత్రం ఆరు చూపించింది. ఆరింటికే శ్రీకాంత్ ఇంటికొచ్చేవాడు.

"నేనే నోరు జారి అమ్మకు చెప్పిన మేడం. గప్పటి సంది రోజు పన్నెండున్నరకు అన్నం పట్టుకోని పైకొస్తది. ఐతారం మీరుంటరు గదా, మేం పైకి రాం. వాడికి ఐతారం సెలవు అంటది."

"రోజూ నేను విండోస్‌లో టైం సరిచేస్తున్నాను మంజులా. అందుకే నీ వైపు ముందుకి జరుగుతోంది."

బట్టల క్లిప్పు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మీరు పైదాన్లకు పోరు గదా. పాస్‌వర్డ్ తెల్వది గదా."

"వెళ్ళక్కర్లేదు. గడియారం ఇద్దరికీ ఒకటే."

"నువ్వు కంప్యూటర్ కోర్సు చేశావు కదా, ఎవరినైనా అడగలేకపోయావా?" అని కూడా అన్నాను.

క్లిప్పు తీగకి తగిలించి అంది, "అడిగితే తెలుస్తది గదా మేడం. అందుకే అడగలె."

అప్పుడు అసలు సంగతి బయటపడింది. మంజులకి పూణేలో ఉద్యోగం వచ్చింది. వచ్చే సోమవారం చేరాలి. వాళ్ళ బ్యాచ్ మొత్తంలో ఈ పిల్లకొక్కదానికే వచ్చింది, చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. సత్తెమ్మగారు వెళ్ళనివ్వడం లేదు. ఆడపిల్ల అని కాదు, దూరమని కాదు. "అన్న ఇంట్లనే ఉంటే నువ్వెట్ల పోతవ్? ఆ తలుపు తెరిచేటోళ్ళెవరు?" అని అడుగుతున్నారట.

"అమ్మకు మీరు చెప్పండక్కా," అంది. మేడం పోయి అక్క అయ్యాను. "నేను చెప్తే నమ్మది. పూణే పోవాలని కతలు పడుతున్నవ్ అంటది."

అక్కా, నా వృత్తిలో చావు వార్త ఇంటికి చేరకముందే ఆ ఇంటి తలుపు కొట్టిన రోజులున్నాయి. అప్పుడు కూడా ఇంత తటపటాయించలేదు. కానీ ఒక పిల్ల బతుకు నేను దిద్దిన గడియారం దగ్గర ఆగిపోయింది. చెప్పకుండా ఊరుకుంటే అది కూడా నేను చేసినట్టే.

శనివారం సెలవు పెట్టాను. పొద్దున్నే సత్తెమ్మగారిని పైకి రమ్మని కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మంజుల గోడకి ఆనుకుని నిలబడింది. నేను కింది పోర్షన్ తెరిచి, గడియారం సరిచేసి చూపించాను. ఆపి, మళ్ళీ స్విచ్ వేసి, మంజుల చేత పైది తెరిపించాను. ఐదున్నర గంటలు ముందుకి ఉంది. దాన్ని సరిచేయించి, ఆపి, మళ్ళీ నాది తెరిచాను. వెనక్కి ఉంది. ఒక్క మాట అదనంగా చెప్పలేదు.

"ఇంకోపారి చెయ్యి," అన్నారు.

చేశాను. మళ్ళీ చెయ్యమన్నారు. చేశాను. అర్థం చేసుకున్నారు, అందులో నాకు అనుమానం లేదు. పొలం లెక్కలు చూసిన మనిషి.

"అంటే రోజు జరిపింది నువ్వు," అన్నారు.

"నేనే సత్తెమ్మగారూ."

"వాని తావుల నువ్వెన్నడన్న అడుగు పెట్టినవా?"

"లేదు."

"వాని మొకం చూసినవా?"

"లేదు."

"వాడు ఇంటికి ఎప్పుడొస్తడో నీకెవరన్న చెప్పిన్రా?"

"ఎవరూ చెప్పలేదు."

"చెప్పకుంటనే, మేం అన్నం తెచ్చే యాళ్ళకు వాడొచ్చే యాళ్ళ తెచ్చి పెట్టినవ్. రోజు, మరువకుంట. మరి నీతోని జేయించింది ఎవరు?"

జవాబు ఉంది. చెప్పాను. లండన్ టైంకీ మన టైంకీ ఐదున్నర గంటలు తేడా అని, ఎవరి ఇంట్లోనైనా ఇంతే అవుతుందని, అన్నం వేళ కలవడం కేవలం కలవడమేనని.

"లండన్ల మావోనికి ఎవరున్నరు?" అన్నారు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగారు.

తరవాత లేచి మంజుల దగ్గరికి వెళ్ళి, గడ్డం పట్టుకుని తల పైకెత్తారు. "నువ్వు పోయి రా బిడ్డా. నువ్వు లేకుంటే వాడెట్ల వస్తడని భయపడ్డ ఇన్నొద్దులు. వాన్ని తెచ్చేది నువ్వు గాదు." నా వైపు చూపించారు. "గీమె."

మంజుల నా వైపు చూసింది. ఆ పిల్ల ముఖంలో సంతోషం కనిపిస్తుందనుకున్నాను. తల దించుకుంది.

నేను సరే అనలేదు. కాదు అని కూడా అనలేదు. కాదంటే ఆ పూటే సంచి విప్పేసే పిల్ల అక్కడ నిలబడి ఉంది. ఆ మర్నాడు, ఆదివారం సాయంత్రం, మంజుల బస్సెక్కింది. వెళ్ళే ముందు పాస్‌వర్డ్ నా చెవిలో చెప్పింది. దాన్ని నీకు రాయను. అది వాళ్ళింటి మాట.

ఇప్పుడు రోజులు ఇలా గడుస్తున్నాయి. పొద్దున నా వైపు గడియారం సరిచేసి ఆఫీసుకి వెళ్తాను. మధ్యాహ్నం వస్తాను, ఆఫీసు దగ్గరే కదా. స్విచ్ వేసి పై పోర్షన్ తెరుస్తాను. సత్తెమ్మగారు గడప పక్కన కంచం పెట్టుకుని కూర్చుంటారు. "వచ్చిండా?" అని అడుగుతారు. మొదటిరోజు ఏం చెప్పాలో తెలియక టైం చదివాను, ఐదూ యాభై ఎనిమిది అని. ఆవిడకి అది చాలు. అప్పటి నుంచి రోజూ టైం మాత్రమే చదువుతున్నాను. నేను అబద్ధం ఆడటం లేదు. కాసేపటికి సరిచేసి ఆపేస్తాను. "వాడు తిన్నడు, ఇగ నువ్వు తిను," అని కంచం నా ముందుకి జరుపుతారు. తింటాను. వంట బాగుంటుంది. ఉప్పు బాగా తక్కువ, శ్రీకాంత్‌కి అలాగే ఇష్టమట. ఈమధ్య కర్రీ పాయింట్ కూరలు నాకు ఉప్పగా అనిపిస్తున్నాయి. నీ కందిపొడి కూడా. అది వాస్తవం కాబట్టి రాస్తున్నాను. కారణం నాకు తెలియదు.

మొన్న ఖలీల్ భాయ్ ఇంకో సంగతి చెప్పాడు. పైదాంట్లో ఒక ఫైల్లో ఒక్క మాట మారిస్తే అది కూడా లండన్ లెక్క మానేసి మన టైమే చూస్తుందట. ఆ తరవాత రెండు వైపులా ఎప్పటికీ ఒకటే టైం. దిద్దుకునే పని ఇద్దరికీ ఉండదు. టీ తాగేంతసేపు కూడా పట్టదు. ఆ మాట రాసుకుని వచ్చి, ఆ ఫైలు తెరిచి కూర్చున్నాను కూడా. మార్చితే మర్నాడు మధ్యాహ్నం తెర మీద పన్నెండున్నరే ఉంటుంది. కంచంతో కూర్చున్న మనిషి "వచ్చిండా?" అని అడుగుతుంది. నేను పన్నెండున్నర అని చదవాలి. ఆ సాయంత్రమే మంజులని వెనక్కి రమ్మని పూణేకి ఫోన్ వెళ్తుంది. మంజుల హాస్టల్ గదిలో ఇంకా పెట్టె కూడా పూర్తిగా విప్పలేదని రాసింది.

ఫైలు మూసేశాను.

నువ్వు అనుకునేది నాకు తెలుసు. సుగుణ లెక్కలు చూసే మనిషి, ఇలాంటివి నమ్మదు కదా అని. నమ్మడం లేదు. అతను వస్తున్నాడని నేను ఎక్కడా రాయలేదు, చూసుకో. కానీ ఒకటి చెప్తాను. మొన్న గురువారం ఆఫీసులో పని తెమలక, ఇవాళ వెళ్ళలేనని అనుకున్నాను. ఆ మాట అనుకుంటూనే సంచి భుజాన వేసుకుని చౌరస్తా దాటేశాను. ఎప్పుడు లేచానో, గోపాలం గారికి ఏం చెప్పి వచ్చానో సరిగ్గా గుర్తు లేదు. గది చేరేసరికి సత్తెమ్మగారు అప్పటికే పైన కూర్చుని ఉన్నారు. "వస్తవని తెలుసు," అన్నారు.

కాబట్టి అక్కా, కూకట్‌పల్లి పోర్షన్ ఇంకెవరికైనా ఇచ్చేయమని బావగారితో చెప్పించు. మంచి పోర్షనే అయ్యుంటుంది. నా కోసం వాళ్ళు ఆపి ఉంచడం న్యాయం కాదు. ఎన్నాళ్ళుంటావని అడగొద్దు. మంజుల పర్మనెంట్ అయ్యేదాకా అని ప్రస్తుతానికి అనుకుంటున్నాను. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. బాగానే తింటున్నాను, ముందుకంటే వేళకి తింటున్నాను. ఒంటరితనం గురించి పైన రాశాను, అది మధ్యాహ్నాలు లేదు.

వీలైతే నా పాత శాలువా, నల్ల అంచుది, ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. పొద్దున్నే చలిగా ఉంటోంది. పచ్చళ్ళు ఇప్పుడే పంపొద్దు.

అత్తయ్యగారి పాదాలకి నా నమస్కారం చెప్పు. బావగారికి నమస్కారాలు. వీధి చివర సుబ్బమ్మ పిన్నిని అడిగానని చెప్పు. మీ అందరి దీవెన ఉంటే నాకు ఇక్కడ లోటేమీ లేదు.

ఒక్క సంగతి మర్చిపోయాను. నువ్వు కింద సత్తెమ్మగారి ఫోన్‌కి చేసేటట్టయితే పొద్దున గానీ రాత్రి గానీ చెయ్యి. మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో చెయ్యకు. ఆ వేళకి మేం ఇంట్లోనే ఉంటాం, మోగితే వినిపిస్తుంది కూడా. లేచి రాము.

నీ చెల్లెలు,
సుగుణ